పరుగా, పాసా? కాలేజ్ ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో మీకు నప్పే ఆట ఏది

ఈఏ స్పోర్ట్స్ వారి కాలేజ్ ఫుట్‌బాల్, అంటే అమెరికా కళాశాలల అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్‌లో జట్టును ఎంచుకోవడం తేలిక. ఏ విశ్వవిద్యాలయంలో చదువుతుంటే దాన్నే తీసుకుంటారు, లేదా జెర్సీ రంగు నచ్చిందని ఏదో ఒకటి తీసుకుంటారు. చిక్కంతా ప్లేబుక్ దగ్గర, అంటే జట్టు వేసే ఎత్తుల జాబితా దగ్గర మొదలవుతుంది. బంతిని చంకలో ఇరికించుకుని లైన్ మధ్యలోంచి దూసుకుపోయే ఆట ఆడాలా, క్వార్టర్‌బ్యాక్ చేత విసిరించే ఆట ఆడాలా? రెండు వైపులా వీరాభిమానులు ఉన్నారు. పరుగు పక్షానికి పాస్ అంటే జూదం. పాస్ పక్షానికి పరుగు అంటే నీరసం. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అందుకే కొత్తవారు ఎటూ తేల్చుకోలేక నాలుగు మ్యాచ్‌లు అలా, నాలుగు మ్యాచ్‌లు ఇలా ఆడి, ఏదీ చేతికి పట్టుబడక విసిగిపోతారు.

ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ గేమ్‌లో ఈ ప్రశ్నకు ఇంత బరువు లేదు. అక్కడి 32 జట్ల మధ్య తేడాలు ఉన్నా అవి ఒకే ఇంటివాళ్ళ మధ్య ఉండే తేడాలే. కాలేజ్ ఆట సంగతి వేరు. 2013లో వచ్చిన ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ 14 తర్వాత ఈ సిరీస్ ఆగిపోయింది. ఆటగాళ్ళ పోలికలను వాడుకుంటూ వారికి పైసా ఇవ్వడం లేదన్న వ్యాజ్యాలే దానికి కారణం. 2024 జులైలో కాలేజ్ ఫుట్‌బాల్ 25 పేరుతో తిరిగి వచ్చేసరికి అందులో 134 జట్లు ఉన్నాయి. 2025 జులైలో 26 వచ్చింది. ఈ జట్లలో ఆర్మీ, నేవీ వంటి సైనిక అకాడమీల జట్లు మ్యాచ్ మొత్తంలో పట్టుమని పది పాస్‌లు కూడా వేయకుండా గెలవగలవు. మరికొన్ని జట్లు బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ ఉన్నాడన్న సంగతే మరిచిపోయినట్టు ఆడతాయి. కాబట్టి ఇక్కడ పరుగా పాసా అన్నది ఇష్టాయిష్టాల సంగతి ఒక్కటే కాదు, జట్టుతో పాటు వచ్చే సంగతి.

అమెరికాలో చదువుతూ ఈ గేమ్ కొన్న మనవాళ్ళకు ముందే ఒక మాట. మన విద్యార్థులు ఎక్కువగా చేరే చోట్లన్నీ ఇందులో ఉండవు. యూటీ డాలస్‌కు, యూటీ ఆర్లింగ్టన్‌కు ఫుట్‌బాల్ జట్టే లేదు. సెంట్రల్ మిస్సౌరీకి జట్టు ఉంది కానీ అది రెండో డివిజన్‌లో ఆడుతుంది, గేమ్‌లో దొరకదు. డెంటన్‌లోని నార్త్ టెక్సస్, అరిజోనా స్టేట్, బఫలో, షార్లట్, సౌత్ ఫ్లోరిడా మాత్రం ఉన్నాయి.

## ముందు కొలబద్ద తేల్చుకోండి

నాలుగు ప్రయత్నాల్లో, అంటే నాలుగు డౌన్లలో, పది గజాలు ముందుకు వెళ్ళాలి. వెళితే మళ్ళీ నాలుగు డౌన్లు. ఈ ఒక్క నియమం తెలిస్తే మిగతా చర్చ అర్థమవుతుంది.

చాలామంది సగటు గజాలు చూసి తీర్పు చెబుతారు. పాస్‌కు సగటున ఏడు గజాలు, పరుగుకు నాలుగు వస్తున్నాయి కాబట్టి పాసే మేలు అంటారు. ఇది తప్పుదారి పట్టించే లెక్క. మూడు పరుగుల్లో 4, 4, 3 గజాలు వస్తే పదకొండు అయ్యాయి, బంతి మీ దగ్గరే ఉంది. మూడు పాస్‌లలో 0, 0, 0 వచ్చి, తర్వాతి విడతలో ఒకే పాస్‌కు 40 గజాలు వస్తే సగటు పది గజాలు కనిపిస్తుంది కానీ, మొదటి విడతలో బంతిని ఎదుటివారికి తన్ని ఇచ్చేశారు.

అమెరికా విశ్లేషకులు వాడే కొలత ఒకటి ఇక్కడ బాగా పనికొస్తుంది. మొదటి డౌన్‌లో కావలసిన దూరంలో సగం, రెండో డౌన్‌లో మిగిలినదాంట్లో 70 శాతం, మూడో నాలుగో డౌన్లలో మిగిలినదంతా వస్తేనే ఆ ఎత్తు ఫలించినట్టు లెక్క. మొదటి డౌన్‌లో అయిదు గజాలు వచ్చాయంటే మంచి పని జరిగింది. ఒక్క గజమే వస్తే, అది పరుగైనా పాసైనా, ఎత్తు విఫలమే.

నా మట్టుకు ఈ మొత్తం చర్చను ఒకే ప్రశ్నకు కుదించవచ్చు: మూడో డౌన్‌కు వచ్చేసరికి మీకు ఎంత దూరం మిగులుతోంది? రెండు మూడు గజాలు మిగిలితే ప్లేబుక్ అంతా మీ చేతిలోనే ఉంటుంది. పరుగెత్తవచ్చు, చిన్న పాస్ వేయవచ్చు, పరుగు చూపించి పాస్ వేయవచ్చు. ఎదుటివారు అన్నిటికీ కాచుకోవాలి. తొమ్మిది గజాలు మిగిలితే మీరు ఏం చేస్తారో మీకంటే ముందు వారికే తెలుస్తుంది. ఏ పద్ధతి మిమ్మల్ని తరచుగా ఆ రెండు మూడు గజాల దగ్గరికి చేరుస్తుందో అదే మీ పద్ధతి. నాలుగు మ్యాచ్‌లు ఆడి ఈ ఒక్క అంకెనే కాగితం మీద రాసుకుంటే చాలు, ఇంకెవరి సలహా అక్కర్లేదు.

రెండో కొలత గడియారం. పూర్తి కాని పాస్ పడితే గడియారం ఆగుతుంది. పరుగెత్తి మైదానం లోపలే పడిపోతే తిరుగుతూనే ఉంటుంది. 2023 నుంచి కాలేజ్ నియమాల్లోనూ ఫస్ట్ డౌన్ వచ్చినప్పుడు, అంటే పది గజాలు పూర్తయినప్పుడు, గడియారం ఆపడం మానేశారు, ఒక్కో అర్ధభాగంలో చివరి రెండు నిమిషాలు మాత్రమే మినహాయింపు. కాబట్టి పరుగు ఆట మ్యాచ్‌ను కుదిస్తుంది, రెండు జట్లకూ అవకాశాలు తగ్గుతాయి. ఇది ఎవరికి లాభం? బలహీన జట్టుకు. అవకాశాలు పెరిగేకొద్దీ బలమైన జట్టు బలం బయటపడుతుంది, తగ్గేకొద్దీ అదృష్టానికి చోటు పెరుగుతుంది. 2018 సెప్టెంబరులో క్వార్టర్‌బ్యాక్ కైలర్ ముర్రే ఆడుతున్న ఓక్లహోమా మీదకు ఆర్మీ వెళ్ళి చేసింది అదే. 60 నిమిషాల ఆటలో 44 నిమిషాలకు పైగా బంతిని తన దగ్గరే ఉంచుకుంది. ఓడింది కానీ ఓవర్‌టైమ్ దాకా లాగి 28–21 తేడాతో ఓడింది. మీరు నార్త్ టెక్సస్‌తో టెక్సస్ లాంటి జట్టు మీదకు వెళుతుంటే ఈ మ్యాచ్‌ను గుర్తుపెట్టుకోండి. బలమైన జట్టు మీ చేతిలో ఉంటే ఇదే సలహాను తిరగేసి చదువుకోండి. అప్పుడు అవకాశాలు ఎన్ని ఉంటే అంత మంచిది.

మూడోది మీ జట్టులో ఉన్నవాళ్ళు. రన్నింగ్ బ్యాక్ రేటింగ్ చూసి పరుగు జట్టు అనుకోవద్దు. ముందుగా, ఎదుటివారిని అడ్డుకునే (బ్లాక్ చేసే) అయిదుగురు లైన్‌మన్‌ల రన్ బ్లాక్, పాస్ బ్లాక్ అంకెలు చూడండి. లైన్ దారి ఇస్తే మామూలు కుర్రాడు కూడా అయిదు గజాలు తెస్తాడు. క్వార్టర్‌బ్యాక్ విషయంలో త్రో పవర్ చూసి మురిసిపోవద్దు. చిన్న, మధ్యస్థ దూరాల ఖచ్చితత్వం చూడండి, తర్వాత స్పీడ్ చూడండి.

నాలుగోది జనం హోరు. పెద్ద స్టేడియంలో పరాయి జట్టుగా దిగినప్పుడు ఈ గేమ్‌లో తెర ఊగుతుంది, పాస్ అందుకునే రిసీవర్ల దారులు చూపే గీతలు వంకరటింకరగా కనబడతాయి. టెక్సస్ ఏ అండ్ ఎమ్ వారి కైల్ ఫీల్డ్‌ను కాలేజ్ ఫుట్‌బాల్ 25 అన్నిటికంటే కష్టమైన మైదానంగా లెక్కగట్టింది. అలాంటి చోట లైన్ దగ్గర నిలబడి ఎత్తు మార్చుకునే పాస్ ఆటకు దెబ్బ ఎక్కువ. పిలిచిన ఎత్తును పిలిచినట్టే ఆడే పరుగుకు తక్కువ.

ఇక మీ చేతివాటం. దాన్ని గురించి ఒక్కో పద్ధతి దగ్గర చెబుతాను.

## నాలుగు దారులు

పరుగు, పాస్ అని రెండుగా విడదీయడం మాటవరసకే. ఆడేటప్పుడు నిజంగా ఎదురయ్యేవి నాలుగు దారులు.

### పవర్ రన్

లైన్‌మన్‌లు, టైట్ ఎండ్‌లు కలిసి ఒక వైపు గోడను తోస్తారు, రన్నింగ్ బ్యాక్ ఆ సందులోంచి దూరుతాడు. ఇందులో దాపరికం లేదు. 1988లో ఓక్లహోమా స్టేట్ తరఫున బ్యారీ శాండర్స్ 2,628 గజాలు పరుగెత్తాడు. 2024లో బోయిసీ స్టేట్‌కు చెందిన ఆష్టన్ జెంటీ 2,601 దగ్గర ఆగి ఆ రికార్డును తృటిలో అందుకోలేకపోయాడు. అటువంటి ఆటగాడు దొరికితే వేరే ఆలోచన దండగ.

దొరకకపోతే మాత్రం ఈ దారిలో మూడు గజాలు, రెండు గజాలు, మళ్ళీ మూడు గజాలు వస్తూ మూడో డౌన్ దగ్గర ఇరుక్కుంటారు. కొత్తవారు చేసే పొరపాటు ఒకటి ఉంది. బంతి అందగానే స్ప్రింట్ బటన్ నొక్కి పట్టుకుంటారు. అప్పటికి ముందున్న బ్లాకర్ ఇంకా తన పని మొదలుపెట్టనే లేదు, బ్యాక్ వెళ్ళి అతని వీపుకే గుద్దుకుంటాడు. సందు తెరుచుకునేదాకా మామూలు నడకతో వెళ్ళి, లైన్ దాటాకే స్ప్రింట్ నొక్కాలి. టాకిల్ (ఎదుటివాడు పట్టి పడగొట్టడం) తప్పదనిపించిన క్షణంలో బంతిని రెండు చేతులతో కప్పుకునే బటన్ నొక్కాలి. ఈ రెండు అలవాట్లతోనే సగం పని అయిపోతుంది.

### ఆప్షన్

ఎదుటి రక్షకుడి కదలికను చూసి, బంతి ఎవరి దగ్గర ఉండాలో క్వార్టర్‌బ్యాక్ అప్పటికప్పుడు తేల్చుకునే ఆట ఇది. నన్ను అడిగితే కాలేజ్ గేమ్ కొన్నందుకు అసలైన ప్రతిఫలం ఇదే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో దీన్ని ఇంత నిండుగా ఎవరూ ఆడరు. 1968లో టెక్సస్ జట్టు ఎమరీ బెల్లార్డ్ రూపొందించిన విష్‌బోన్ అనే అమరికతో దీన్ని దేశమంతటికీ తెలిసేలా చేసింది. ఈనాడు ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ దాన్ని బతికిస్తున్నాయి. 2024లో ఆర్మీ క్వార్టర్‌బ్యాక్ బ్రైసన్ డెయిలీ తన కాళ్ళతోనే 32 టచ్‌డౌన్‌లు (బంతిని ఎదుటివారి చివరి గీత దాటించి, ఎండ్ జోన్‌లోకి చేర్చడం) చేశాడు.

ఒక ట్రిపుల్ ఆప్షన్‌ను దగ్గర నుంచి చూద్దాం. బంతి చేతికి రాగానే ఎదుటి లైన్‌లో ఒకడిని మీ వాళ్ళు కావాలనే బ్లాక్ చేయకుండా వదిలేస్తారు. గేమ్ అతని నెత్తిన ఒక గుర్తు చూపిస్తుంది. మీ కళ్ళు అతని మీదే ఉండాలి. అతడు లోపలికి, ఫుల్‌బ్యాక్ మీదకు ఉరికితే బంతిని మీ దగ్గరే ఉంచుకోండి. ఉన్నచోటే నిలబడితే ఫుల్‌బ్యాక్‌కు ఇచ్చేయండి. ఇవ్వడానికి బటన్ నొక్కి పట్టుకోవాలి, ఉంచుకోవడానికి వదిలేయాలి. ఉంచుకుంటే రెండో ప్రశ్న వస్తుంది. బయటి అంచున ఉన్న రక్షకుడి మీద ఇంకో గుర్తు ఉంటుంది. అతడు మీ మీదకు వస్తే పక్కనే పరుగెత్తుతున్న బ్యాక్‌కు బంతిని పిచ్ చేయండి, అంటే పక్కకు విసరండి. అతడు ఆ బ్యాక్ వైపు జరిగితే సందులోంచి మీరే వెళ్ళండి. ఇదంతా రెండు సెకన్లలో జరిగిపోతుంది. ఇద్దరు రక్షకులను ఎవరూ తాకకుండానే ఆటలోంచి తీసేశారు. బ్లాక్ చేసేవాళ్ళు ఇద్దరు మిగిలిపోయారు కాబట్టి మిగతా చోట్ల మీ బలగం ఎక్కువ. బలహీన జట్లు ఆప్షన్ ఆడటంలోని కిటుకంతా ఈ లెక్కలోనే ఉంది.

నష్టాలూ ఉన్నాయి. పిచ్ ఆలస్యమైతే బంతి నేల మీద దొర్లుతుంది, ఎవరికైనా దక్కవచ్చు. అంతకంటే పెద్దది, క్వార్టర్‌బ్యాక్ ప్రతి ఎత్తులోనూ దెబ్బ తింటాడు. ఈ గేమ్‌లో తిన్న దెబ్బలు పేరుకుపోయి రేటింగులు తగ్గిపోయే ఏర్పాటు ఉంది. జట్టును సీజన్ల తరబడి నడిపే డైనాస్టీ మోడ్‌లో ఆ అలసట తర్వాతి వారానికి కూడా వెంట వస్తుంది. నవంబరు వచ్చేసరికి మీ మొదటి క్వార్టర్‌బ్యాక్ కుంటుతూ ఉంటాడు. రెండోవాడిని కూడా అదే పోలికతో తెచ్చుకుని సిద్ధంగా ఉంచుకోని ఆప్షన్ జట్టు సగం జట్టే. రెండు టచ్‌డౌన్‌లు వెనకబడి నాలుగు నిమిషాలే మిగిలితే ఈ ప్లేబుక్‌లో మీకు ఆసరా దొరకదు.

### ఎయిర్ రైడ్

హాల్ మమ్మీ, మైక్ లీచ్ చిన్న కళాశాలల్లో మొదలుపెట్టి పెద్ద జట్ల దాకా తీసుకువెళ్ళిన పాస్ ఆట ఇది. లీచ్ టెక్సస్ టెక్‌లో ఉండగా 2003లో బి.జె. సైమన్స్ ఒక్క సీజన్‌లో 5,833 గజాలు విసిరాడు. 2021లో వెస్టర్న్ కెంటకీ తరఫున బెయిలీ జాపీ 5,967 గజాలతో దాన్ని దాటి, 62 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. పాస్ ఆట పెద్ద జట్ల సొత్తు అనుకునేవారు ఆ రెండో పేరు చూడాలి.

ఎయిర్ రైడ్ అంటే ప్రతిసారీ 50 గజాలు విసరడం అనుకుంటారు. నిజానికి దాని ప్రాణం చిన్న పాస్‌లలో ఉంది. మెష్ అనే ఎత్తు చూడండి. ఇద్దరు రిసీవర్లు చెరో వైపు నుంచి అయిదారు గజాల లోతులో ఒకరికొకరు రాసుకునేంత దగ్గరగా దాటుకుని వెళతారు. మనిషికి మనిషి కాపలా ఉంటే రక్షకులు ఒకరికొకరు అడ్డుపడతారు, ఒక రిసీవర్ ఖాళీగా బయటపడతాడు. జోన్ కాపలా (ఒక్కో రక్షకుడు ఒక్కో చోటును కాయడం) అయితే పరుగెత్తకుండా ఖాళీ చోట ఆగిన రిసీవర్‌కు వేయాలి. కాపలా ఏదో బంతి కదలకముందే తెలుసుకోవాలంటే ఒక రిసీవర్‌ను ఈ వైపు నుంచి ఆ వైపుకు నడిపించండి. అతని వెంట ఒక రక్షకుడు వస్తే మనిషికి మనిషి, రాకపోతే బహుశా జోన్. అలాగే అందరికంటే వెనక కాపలా కాసే సేఫ్టీలు ఎందరున్నారో చూడండి. ఇద్దరు వెనక్కు జరిగి ఉంటే లోతు పాస్‌కు దారి మూసుకున్నట్టే. ఒక్కడే ఉంటే అంచుల వెంబడి లోతుగా వెళ్ళే రిసీవర్ మీద కన్ను వేయవచ్చు.

ఇంత చదివి, రిసీవర్ బటన్ గుర్తు చూసి, నొక్కి పట్టుకోవాలా తట్టి వదలాలా అని తేల్చుకోవడానికి ఉన్న సమయం మూడు సెకన్లు. తడితే బంతి ఎత్తుగా తేలుతూ వెళుతుంది, నొక్కి పట్టుకుంటే సూటిగా దూసుకుపోతుంది. ఖచ్చితత్వపు మీటరుతో ఆడే పద్ధతి పెట్టుకుంటే దాన్నీ చూసుకోవాలి. కొత్తవారు క్లాసిక్ పద్ధతిలోనే మొదలుపెట్టడం మంచిది. కష్టస్థాయి పెరిగేకొద్దీ ఆ మూడు సెకన్లు రెండవుతాయి, బంతి మీదకు రక్షకులు ముందే కదులుతారు. ఇంటర్‌సెప్షన్లు, అంటే మీ పాస్‌ను ఎదుటివాడు పట్టేయడాలు, చాలావరకు చెడ్డ చేతివాటం వల్ల పడవు. మొదట చూసిన రిసీవర్‌కు దారి మూసుకున్నా అతనికే వేయాలన్న మొండితనం వల్ల పడతాయి. బంతిని బయటకు విసిరేసే బటన్ ఒకటుందని గుర్తుంచుకుంటే సీజన్‌కు రెండు మూడు మ్యాచ్‌లు అదనంగా గెలుస్తారు.

### ఆర్‌పీవో

రన్-పాస్ ఆప్షన్‌కు ఇది పొట్టి పేరు. పరుగూ పాసూ ఒకే ఎత్తులో. లైన్ పరుగుకు బ్లాక్ చేస్తుంది, రిసీవర్ పాస్‌కు పరుగెత్తుతాడు. ఎదుటి లైన్ వెనక నిలబడే లైన్‌బ్యాకర్ పరుగు వైపు అడుగు వేస్తే అతడు ఖాళీ చేసిన చోటికి పాస్ వేయాలి. వెనక్కు జరిగితే బంతిని బ్యాక్‌కు ఇవ్వాలి. ఇది కాలేజ్‌లో ఇంతగా పెరగడానికి ఒక నియమం తోడ్పడింది. పాస్ వేసేటప్పుడు లైన్‌మన్‌లు కాలేజ్‌లో మూడు గజాల దాకా ముందుకు వెళ్ళవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే.

చూడటానికి ఇది అందరికీ సరిపడేలా ఉంటుంది. ఒక చిక్కు ఉంది. ఆలస్యంగా మనసు మార్చుకుంటే లైన్‌మన్‌లు మూడు గజాలు దాటిపోతారు, పెనాల్టీ పడుతుంది. నిర్ణయం వెంటనే జరగాలి, తప్పయినా సరే.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| కొలత | పవర్ రన్ | ఆప్షన్ | ఎయిర్ రైడ్ | ఆర్‌పీవో |
|---|---|---|---|---|
| నేర్చుకోవడం | తేలిక | మొదట కష్టం, తర్వాత అలవాటు | అన్నిటికంటే కష్టం | మధ్యస్థం |
| మూడో డౌన్‌కు మిగిలే దూరం | లైన్ బాగుంటే చిన్నది | తరచుగా చిన్నది | అయితే ఏమీ మిగలదు, కాకపోతే చాలా | ఎక్కువసార్లు చిన్నది |
| బంతి పోయే ప్రమాదం | తక్కువ | పిచ్ దగ్గర ఎక్కువ | ఇంటర్‌సెప్షన్ | తక్కువ |
| గడియారం | కరిగిపోతుంది | బాగా కరిగిపోతుంది | ఆగుతూ సాగుతుంది | మధ్యస్థం |
| వెనకబడినప్పుడు | కష్టం | మరీ కష్టం | మేలు | ఫరవాలేదు |
| జనం హోరులో | మేలు | మేలు | కష్టం | ఫరవాలేదు |
| తప్పనిసరిగా కావలసింది | లైన్ | వేగమైన క్వార్టర్‌బ్యాక్‌లు ఇద్దరు | ఖచ్చితమైన చేయి, పాస్ బ్లాక్ | తొందరగా తేల్చుకునే మీ వేలు |

## ఏది ఎంచుకున్నా మైదానాన్ని చూడండి

చాలా సలహాల్లో కనబడని సంగతి ఇది. కాలేజ్ మైదానం వెడల్పు 160 అడుగులు. బంతిని పెట్టే రెండు హాష్ గీతల మధ్య దూరం 40 అడుగులు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ దూరం 18 అడుగుల 6 అంగుళాలే. కాబట్టి కాలేజ్‌లో బంతి ఎడమ హాష్ మీద ఉంటే ఎడమ వైపు 60 అడుగులు, కుడి వైపు 100 అడుగులు ఉంటాయి.

ఆప్షన్ ఆడేవారికి ఆ 100 అడుగులు పండగే, పిచ్ అందుకున్నవాడికి పరుగెత్తడానికి చోటుంటుంది. పాస్ ఆడేవారికి అదే వల. ఎడమ హాష్ నుంచి కుడి అంచుకు వేసిన పాస్ గాలిలో ఎక్కువసేపు ఉంటుంది, అంచున కాపలా కాసే కార్నర్‌బ్యాక్‌కు చేరుకోవడానికి సమయం దొరుకుతుంది. అంచు పాస్ వేయాలంటే ఇరుకు వైపే వేయండి. ఎన్‌ఎఫ్‌ఎల్ గేమ్ నుంచి వచ్చినవారు మొదటి వారంలో ఎక్కువ ఇంటర్‌సెప్షన్లు తినేది ఇక్కడే.

ఇంకొకటి, లైన్ దగ్గర గుమిగూడిన రక్షకులను లెక్కపెట్టండి. ఆరుగురు లేదా అంతకంటే తక్కువ ఉంటే పరుగు, ఎనిమిదిమంది ఉంటే పాస్. ఏడుగురు ఉన్నప్పుడు పైన చెప్పిన రేటింగులు తీర్పు చెబుతాయి.

పరుగు చూపించి పాస్ వేసే ప్లే యాక్షన్ ఎప్పుడు పనిచేస్తుందన్న దాని మీద వాదనలు చాలా ఉన్నాయి. సోఫాలో మీ పక్కన కూర్చున్న మనిషి మీద మాత్రం అది తప్పకుండా పనిచేస్తుంది. వరసగా ఔట్‌స్వింగర్లు వేసి బ్యాట్స్‌మన్ వదిలేయడం అలవాటు చేసుకున్నాక ఒకటి లోపలికి తెచ్చినట్టు, ఒకే రూపంలో నిలబడి నాలుగుసార్లు పరుగెత్తి, అయిదోసారి అదే రూపంలోంచి విసరాలి. రూపం మారితే మోసం తెలిసిపోతుంది.

## ఎవరికి ఏది

ఫుట్‌బాల్ అంటే ఏమిటో ఇప్పుడిప్పుడే తెలుసుకుంటున్నవారు పవర్ రన్‌తో మొదలుపెట్టి, దానికి నాలుగైదు చిన్న పాస్‌లు జోడించుకోవాలి. మొదట్లో విసుగ్గానే ఉంటుంది. కానీ లైన్ ఎటు తోస్తోందో, రక్షకులు ఎక్కడ నిలబడ్డారో చూడటం దీనితోనే అలవాటవుతుంది. మొదటి రోజే ఎయిర్ రైడ్ పట్టుకుంటే తెర మీద అయిదు బటన్ గుర్తులు తప్ప ఇంకేమీ కనబడదు.

కంప్యూటర్ మీద ఒంటరిగా ఆడేవారికి కష్టస్థాయిని బట్టి జవాబు మారుతుంది. ఫ్రెష్‌మన్, వర్సిటీ స్థాయిల్లో ఏదైనా చెల్లుతుంది, అందుకే ఆ స్థాయిల్లో వచ్చిన ఫలితాలతో నిర్ణయం తీసుకోకండి. ఆల్ అమెరికన్‌లో ఆర్‌పీవో, చిన్న పాస్‌ల కలయిక బాగా నడుస్తుంది. హైస్మన్‌లో మీకు బాగా వచ్చిన నాలుగు ఎత్తులే ఆడండి, అవి ఏవైనా సరే. అక్కడ కూడా పరుగు మరీ బిగుసుకుపోయిందనిపిస్తే సెట్టింగుల్లో స్లైడర్లు ఉన్నాయి. రన్ బ్లాక్‌ను కాస్త పెంచుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

గదిలో ఉండే స్నేహితుడితో రోజూ ఆడేవారికి ఆప్షన్‌ను సిఫారసు చేస్తాను. వాడికి మీ అలవాట్లన్నీ తెలుసు, మూడో డౌన్‌లో మీరు ఎవరికి విసురుతారో కూడా తెలుసు. ఆప్షన్‌లో ఎత్తు తెలిసినా ప్రయోజనం లేదు. వాడు ఏం చేస్తాడో చూశాకే మీరు తేల్చుకుంటారు కదా. పైగా ఆప్షన్‌ను ఆపాలంటే రక్షణ వైపు ఒక్కొక్కరికీ ఒక్కో మనిషిని కేటాయించి, మాటకు కట్టుబడి నిలబడాలి. బంతి ఎటు పోతే అటు ఉరికే స్నేహితులకు అది చేతకాదు.

ఆన్‌లైన్‌లో అపరిచితులతో ఆడేవారు పాస్ నేర్చుకోక తప్పదు. అక్కడ ఒక తప్పు జరిగి రెండు టచ్‌డౌన్‌లు వెనకబడటం మామూలే, పరుగుతో తేరుకోవడానికి సమయం చాలదు.

డైనాస్టీ నడిపేవారిది పొడుగు లెక్క. అందరూ వెంటపడే అయిదు నక్షత్రాల క్వార్టర్‌బ్యాక్‌ను చిన్న జట్టు తెచ్చుకోలేదు. చేయి అంతంతమాత్రమైనా కాళ్ళున్న కుర్రాళ్ళ కోసం పోటీ తక్కువ. ఆప్షన్ జట్టుకు కావలసింది వాళ్ళే. మూడు నాలుగు సీజన్లు అలా గెలిచి జట్టు పేరు పెరిగాక, లైన్‌మన్‌లను పోగేసుకుని, తర్వాతే పాస్ ఆటకు మారండి. ఆ మార్పు ఒక్క ఏడాదిలో చేయబోతే మాత్రం పాత పోలికకు తెచ్చుకున్న ఆటగాళ్ళు కొత్త ప్లేబుక్‌లో తేలిపోతారు. ఆట ఆడకుండా ఫలితాలు మాత్రమే తీసుకునేవారికి ఈ చర్చలో రేటింగుల భాగం చాలు, చేతివాటం గురించిన మాటలన్నీ వదిలేయవచ్చు.

## ఓవర్‌టైమ్ కోసం విడిగా రెండు ఎత్తులు

మ్యాచ్ సమమై ఓవర్‌టైమ్‌కు వెళితే పైన చెప్పిన గడియారం లెక్కలు పనిచేయవు, అసలు గడియారమే ఉండదు. ఒక్కో జట్టుకు 25 గజాల గీత దగ్గర బంతి ఇస్తారు. రెండో ఓవర్‌టైమ్ నుంచి టచ్‌డౌన్ చేస్తే రెండు పాయింట్ల ప్రయత్నం తప్పనిసరి. మూడో ఓవర్‌టైమ్ నుంచి అవే ప్రయత్నాలు వంతులవారీగా నడుస్తాయి, మూడు గజాల గీత నుంచి ఒక్క ఎత్తు.

మూడు గజాల దగ్గర రక్షకులకు వెనక కాపలా కాయాల్సింది ఎండ్ జోన్ లోపలి పది గజాలే, అందరూ ముందుకు వచ్చేస్తారు. లోతు పాస్‌లు అక్కడ పనికిరావు. పవర్ రన్ గోడకు గుద్దుకుంటుంది. క్వార్టర్‌బ్యాక్‌ను వెడల్పు వైపుకు పరుగెత్తించి, ముందు ఒక రిసీవర్‌ను అదే వైపుకు పంపే ఎత్తు ఒకటి, మెష్ ఒకటి నేర్చి ఉంచుకోండి. మొదటిదానిలో కార్నర్ ముందుకొస్తే విసరాలి, రిసీవర్‌తో ఉండిపోతే పరుగెత్తాలి. రెండోది, మనిషికి మనిషి కాపలా కాసేవారి కోసం. ప్రాక్టీస్ మోడ్‌లో మూడు గజాల గీత మీద బంతి పెట్టి ఈ రెండూ చేతికి వచ్చేదాకా ఆడండి. లీగ్ మ్యాచ్‌లలో వాటిని బయటపెట్టకండి, ముఖ్యంగా ఆ గదిలోని స్నేహితుడికి.